అభాలో మూడు రోజుల రిటైర్మెంటు

మా కంపెనీ వారు ఇచ్చిన కాగితంలో రెండే గళ్లు ఉన్నాయి. మొదటి గడిలో టిక్కు పెడితే మరో రెండేళ్ల ఉద్యోగం, రెండో గడిలో పెడితే ఫైనల్ ఎగ్జిట్, అంటే ఉద్యోగం వదిలి శాశ్వతంగా స్వదేశానికి. అక్టోబరు 19, ఆదివారం ఉదయం పది గంటలలోపు దానిని ఆఫీసులో అందజేయాలి. ఖతీఫ్‌లోని ఈ కంపెనీ గోదాములో స్టోర్‌కీపరుగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు నా వయస్సు అరవై. ఈ ముప్పై ఒక్క ఏళ్లలో పద్నాలుగు సెలవులు తీసుకుని స్వదేశంలో గడిపిన రోజులు మొత్తం 712. కనుక రిటైరై, కడప నుంచి మదనపల్లెకు మారి ఉందామనుకోవడం నా విషయంలో దాదాపు పరదేశంలో స్థిరపడటమే. తెలియని దేశానికి వెళ్లేవాడు ముందుగా బడ్జెట్ వేసుకోవాలి. నేను వేసుకున్నాను.

కంపెనీ చివరలో ఇచ్చే మొత్తాన్నీ నా పొదుపునూ కలిపి ఇరవై ఏళ్లకు పంచితే నెలకు 28,000 రూపాయలు వస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ల నా ఖర్చుల పుస్తకాల నుంచి సగటు తీసి, ఇద్దరు మనుషులం కనుక రెండుతో గుణించి, నేటి ధరలకు సరిచేస్తే నెల ఖర్చు 16,500 తేలింది. మిగులు 11,500. ఆ మిగులును చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదని ఒప్పుకుంటున్నాను. దానితో ఏడాదికి రెండు యాత్రలు చేయవచ్చు. పన్నెండు ఊళ్ల జాబితా కూడా సిద్ధం చేశాను.

అయితే కాగితం మీది లెక్కను అనుభవంలో సరిచూడకుండా సంతకం చేసే అలవాటు నాకు లేదు. నా భార్య ఖాసింబీ కడప నుంచి ఫ్యామిలీ విజిట్ వీసాపై వచ్చి అయిదు వారాలైంది. ఉమ్రా యాత్ర పూర్తయింది. సెలవు మీద వెళ్లిన సహోద్యోగి తన ఇంటి తాళం ఇస్తే అందులో ఉంటున్నాము. ఈ దేశంలో మదనపల్లెకు దీటైన చల్లని కొండ ఊరు అభా. అక్కడ వంటగది ఉన్న గదులు తీసుకుని, మా బడ్జెట్ ప్రకారం బతికి చూద్దామని ప్రతిపాదించాను.

"పెండ్లయినప్పటి నుంచి మన ఇద్దరం కలిసి యాడికన్నా పోయినామా? నువ్వు పరీచ్చ పెడతానన్నా సరే, పద," అంది ఆమె.

14వ తేదీ మంగళవారం ఉదయం 5.20కి ఖతీఫ్‌లో టాక్సీ ఎక్కి దమ్మాం స్టేషను చేరాము. రియాద్ రైలుకు ఇద్దరికీ కలిపి 210 రియాళ్లు. ఏడు గంటలకు బండి కదిలింది. సీట్లు శుభ్రంగా ఉన్నాయి, ఆలస్యం లేదు. గంటా ఇరవై నిమిషాలకు హుఫూఫ్ వచ్చింది. అంతవరకు ఇసుక తప్ప మరేమీ చూడని కళ్లకు అక్కడి ఖర్జూర తోటల పచ్చదనం హఠాత్తుగా ఎదురవుతుంది. వెళ్లేవారు ఎడమవైపు కిటికీ కోరుకోవచ్చు.

హుఫూఫ్‌లో రెండు ఖర్జూరం పెట్టెలతో ఒక మనిషి ఎక్కి మా ఎదురు సీటులో కూర్చున్నాడు. పేరు అంజద్, వయస్సు నలభై దాటి ఉంటుంది, ఊరు నిజామాబాద్, ఏసీ మెకానిక్కు.

"తెలుగోళ్లేనా చిచ్చా? మాటలు ఇనవడ్డయి. ఏం రాస్తున్రు గంత దీక్షగ?" అని అడిగాడు.

బడ్జెట్ చూపించాను. చివరి అంకె చదివి నా వైపు చూశాడు.

"నెలకు పదారు వేల అయిదు వందలా? చిచ్చా, నేను గూడ ఒకసారి ఎగ్జిట్ కొట్టి పోయిన. పద్నాలుగు నెలలకు మల్ల కొత్త వీజాతోని వాపస్ వచ్చిన. పైసలు ఎటు పోయినయో ఇప్పటిదాంక సమజ్ గాలే."

"నువ్వు లెక్క రాసిపెట్టుకున్న్యావా?"

"లేదు."

"అదీ సంగతి. నాకాడ ముప్పై ఒక్క పుస్తకాలు ఉండాయి."

"అయితే మీకేం ఫికర్ లేదు తియ్యండి," అని నవ్వి, ఖాసింబీ చేతిలో గుప్పెడు ఖర్జూరాలు పెట్టాడు. "చిచ్చీ, మీరు కూడా ఒకసారి ఆ పుస్తకం చూడుండ్రి."

11.10కి రియాద్. బస్సు స్టేషను దగ్గర 130 రియాళ్లకు గది దొరికింది. మరునాడు ఉదయం ఆరింటికి అభా బస్సు, ఇద్దరికి 360. తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. విమానంలో వెళ్తే రెండు గంటలు చాలు, కానీ నేల మారడం కనబడదు. మొదటి ఆరు గంటలూ ఎర్ర ఇసుక, తెల్ల ఇసుక, మళ్లీ ఎర్ర ఇసుక.

"ముప్పై ఒక్క ఏండ్లు నువ్వీడ ఏం సూస్తాండ్యావో అనుకున్న్యా. ఇదేనా?" అంది ఖాసింబీ.

"నేను ఇది గూడ సూల్లేదు. గోదాములో కిటికీలు ల్యావు," అన్నాను. నిజమే, హుఫూఫ్ దాటి పశ్చిమానికి నేను ఉమ్రాకు తప్ప వెళ్లలేదు. అదీ విమానంలోనే.

దారిలో వాది అద్-దవాసిర్ అనే ఊళ్లో భోజనానికి ముప్పై అయిదు నిమిషాలు ఆపారు. కోడి, అన్నం ఒకే పెద్ద పళ్లెంలో ఇస్తారు. ఇద్దరికి ఒక పళ్లెం చాలు. 22 రియాళ్లు. నాలుగున్నర తరువాత నేల నల్లబడింది, రాళ్లు పెరిగాయి, తుమ్మ చెట్లు కనిపించాయి. ఖమీస్ ముషైత్ దాటేసరికి బస్సువాడు ఏసీ ఆపి కిటికీ తెరిచాడు. అక్టోబరులో ఈ దేశంలో చల్లగాలి ముఖానికి తగలడం నాకు కొత్త. 7.05కి అభాలో దిగాము. ఖాసింబీ వెంటనే స్వెటరు వేసుకుంది. నేను థర్మామీటరు తీశాను. పదిహేడు డిగ్రీలు.

మా బస రెండు గదులు, చిన్న వంటగది, లోయ కనిపించే బాల్కనీ. రోజుకు 150 రియాళ్లు. బంగ్లాదేశీ వాచ్‌మన్ హిందీలో, "గీజరుకు పది నిమిషాలు చాలు, మర్చిపోకుండా ఆపేయండి" అని మూడుసార్లు చెప్పాడు.

16వ తేదీ గురువారం అసలు పరీక్ష. 16,500ను ముప్పైతో భాగిస్తే రోజుకు 550. రియాలుకు 23 రూపాయల చొప్పున 24 రియాళ్లు. ఉదయం 7.30కి ఆ సొమ్ము ఖాసింబీ చేతిలో పెట్టాను. మంగళవారపు సంత పేరుతో పిలిచే బజారు గురువారం కూడా రద్దీగానే ఉంది. టమాటా, బెండకాయ, పచ్చిమిరప, చిన్న కోడి, పెరుగు, రొట్టెలు కొన్నాము. కొండ తేనె అమ్మే ముసలాయనతో భాష తెలియకుండానే ఖాసింబీ పావుగంట బేరమాడి, చివరికి ఏమీ కొనలేదు. ఆయన కోపగించుకోకపోగా పుల్ల చివర తేనె ముంచి నాకించాడు.

పదకొండింటికి కొండ అంచుకు వెళ్లాము. మబ్బు లోయలోంచి పైకి లేచి మా కాళ్లను కప్పేసింది. ఇంతలో ఒక కోతి వచ్చి, కుక్కంత ఉంటుంది, ఖాసింబీ చేతిలోని రొట్టె లాక్కుని గోడ మీద తాపీగా కూర్చుంది.

"అది గూడ రాసుకో. కోతికి ఒక రియాలు," అంది ఖాసింబీ. రాశాను, ఇతరములు కింద.

సాయంత్రం ఆరున్నరకు బాల్కనీలో లెక్క కట్టాను. ఖర్చు 21 రియాళ్లు, మిగులు 3. నా జీవితంలో ఏ అంకె నన్ను ఇంత సంతోషపెట్టలేదు. జేబులోని కాగితం తీసి రెండో గడిలో టిక్కు పెట్టడానికి పెన్ను మూత తీశాను.

"ఉండు. ఈ ఇంటి బాడుగ యాడ రాసినావు?" అంది ఖాసింబీ.

"అది యాత్ర ఖర్చు. వేరే పేజీ."

"సరే, మదనపల్లెలో బాడుగ?"

పుస్తకం తిరగేశాను. భోజనం, బట్టలు, సబ్బులు, ఫోను, టీ, క్షవరం, శుక్రవారం దానం, ఇతరములు. బాడుగ లేదు. కరెంటు లేదు. గ్యాసు లేదు. మందులు లేవు. ముప్పై ఒక్క ఏళ్లూ కార్మికుల కాంపులో మంచం, కరెంటు, నీళ్లు, గోదాముకు బస్సు, ఆసుపత్రి అన్నీ కంపెనీవే. నా చేతి మీదుగా పోని సొమ్ము నా పుస్తకంలో ఎలా ఉంటుంది?

ఆమె పుస్తకం తీసుకుని ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి చదివింది. చివరి వరుస దగ్గర వేలు ఆగింది. అక్కడ 'ఇంటికి పంపినది' అని ఉంది. రిటైరైన తరువాతి నెలల కింద దానికి సున్నా వేసి ఉంది.

"ఇదేంది, సున్నా?"

"నేనే ఇంటికి వచ్చేసినాక ఇంకెవరికి పంపాల? ఆ దుడ్డు మిగిలినట్లే గదా."

ఆమె నా ముఖం చూసింది. తరువాత నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కుర్చీలో కూలబడింది.

"ఓరి దేవుడా, నువ్వొస్తే కరెంటోడు బిల్లు ఇయ్యడా? ఇంటాయప్ప బాడుగొద్దని దండం పెడతాడా? క్షవరానికి మాత్రం ఇద్దరికి ఏసినావే. నాకు గూడ గడ్డం గీయిస్తావా?"

నిజమే. అన్నిటినీ రెండుతో గుణించిన ఊపులో క్షవరాన్నీ గుణించాను. పెన్ను మూత పెట్టేశాను.

17వ తేదీ శుక్రవారం, జుమ్మా నమాజు తరువాత, ఒంటిగంటన్నరకు వంటగది బల్ల ముందు కూర్చున్నాము. ఆమె చెబుతుంటే నేను రాశాను. మదనపల్లెలో మేము అనుకున్న ఇంటి బాడుగ 8,500. కరెంటు 1,150. గ్యాసు 900. నీళ్లు 350. ఇద్దరి మందులు 1,840. ఆసుపత్రి కోసం, ఇన్సూరెన్సుతో సహా, 2,100. పెళ్లిళ్ల చదివింపులు 1,200. ఆటోలు 700. గిన్నెలు, రిపేర్లు 560. ఏ కాగితమూ చూడకుండా చెప్పింది. బి.పి. మాత్రలు ఆరేళ్లుగా వాడుతోందని అప్పుడే తెలిసింది.

"చెప్పలేదేం?"

"ఫోను చేసినప్పుడల్లా దుడ్డు చేరిందా అని అడిగినావు. చేరిందని చెప్పినా."

'ఇంటికి పంపినది' అని ప్రతి నెలా ఒకే వరుసగా రాసిన ఆ మొత్తం ముప్పై ఒక్క ఏళ్ల తరువాత తొమ్మిది వరుసలుగా నా ముందు పరచుకుంది. సిగ్గు కలిగిన మాట నిజం, కానీ సిగ్గుకన్నా ఉత్సాహమే ఎక్కువ కలిగింది. కొత్త దేశపు పటం చేతికి వచ్చినట్టు ఒక్కొక్క అంకె గురించి అడిగాను. పక్కింటివారి పెళ్లికి ఎంత చదివించాలి, దగ్గరివారి పెళ్లికి ఎంత, ఆటోవాడు వర్షంలో ఎంత పెంచుతాడు. ఆమె జవాబు చెబుతూనే బెండకాయలు తరిగింది.

కొత్త వరుసల మొత్తం 17,300. పాత 16,500తో కలిపి 33,800. రాబడి 28,000. లోటు 5,800. మొదటి గడి, అంటే మరో రెండేళ్లు, నా ముందు తెరుచుకుని కూర్చుంది.

18వ తేదీ శనివారం 11.40కి అభా నుంచి దమ్మాంకు తిరుగు విమానం. ఇద్దరికి 520 రియాళ్లు. బస్సుకన్నా ఇది మేలని మోకాళ్ల నొప్పులున్నవారికి చెబుతాను. విమానం పైకి లేవగానే ఖాసింబీ పుస్తకం అడిగి తీసుకుంది.

"ఊరి బయట మేడ మీద ఇల్లు చూద్దాం. ఆరు వేలకు దొరుకుతాది. నువ్వు కాంపులో కొనే సరుకులు నేను కొనే తీరుగా కొంటే పదిహేడు వందల యాభై తగ్గుతాది. బయట టీలు మానుకో, అయిదు వందలు. నా గడ్డం నూట యాభై కొట్టెయ్."

మొత్తం 4,900 తగ్గింది. కింద ఎర్ర ఇసుక మొదలైంది. ఇంకా 900 లోటు. ఇంటి బాడుగనూ సరుకులనూ మళ్లీ చూశాను. ఎక్కడా ఒక్క రూపాయి కదలలేదు.

"అయితే ఇంకో రెండేండ్లు చేస్తా. అప్పటికి ఇరుకు ఉండదు," అన్నాను.

"ఆ తొమ్మిది నూర్లకు?"

"లోటు లోటే."

"ఆ తొమ్మిది నూర్లు నేను చూసుకుంటా. రాయి."

"ఎట్ల చూసుకుంటావు? ఆధారం లేకుండా ఎట్ల రాసేది?"

"నువ్వు పంపింది చాలకపోయిన నెలల్లో ఎట్ల చూసుకున్న్యానో అట్లనే. చీరలకు ఫాల్సు కుట్టినా. మసాలాలు దంచి అమ్మినా. ఒకసారి వీధిలో పిల్లోళ్లకు ఖురాను చెప్పినా."

డబ్బు చాలకపోయిన నెల ఒకటి ఉందని నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. ముప్పై ఒక్క ఏళ్లు ప్రతి నెలా ఒకటో తేదీలోపు డబ్బు పంపాను. రసీదులన్నీ ఉన్నాయి.

"అట్లాంటి నెలలు ఎన్ని?" అని అడిగాను.

"నేను లెక్క రాసుకోలేదు," అంది, కిటికీలోంచి చూస్తూ.

రెండు గంటలకు దమ్మాంలో దిగాము. ముప్పై ఎనిమిది డిగ్రీలు. మొత్తం యాత్రకు అయిన ఖర్చు ఇద్దరికి 1,998 రియాళ్లు. వెళ్లాలనుకునేవారికి అక్టోబరు మంచి నెల. స్వెటరు మరచిపోవద్దు, కొండ అంచున చేతిలో రొట్టె ఉంచుకోవద్దు, బడ్జెట్ పుస్తకాన్ని మాత్రం ఇంటి నుంచి వచ్చినవారి చేతికి మొదటి రోజే ఇవ్వండి. మరునాడు ఉదయం 8.10కి రెండో గడిలో టిక్కు పెట్టిన కాగితం ఆఫీసులో అందజేశాను. నా బడ్జెట్ పుస్తకంలో రాబడి వైపు '900, ఖాసింబీ' అని రాసుకున్నాను. ఆధారం అనే గడిని ఖాళీగా వదిలిపెట్టాను.