కిష్టమ్మ వేసిన ఏడు రోజుల ప్లాను

పగ పట్టడం నాకూ వచ్చని అనుకునేదాన్ని. ముప్పై ఏళ్లు ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను, ఓ పదిమంది మీద ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంటుంది. కానీ నా పగలన్నీ నోటితోనే తీరిపోతాయి. రెండు మాటలు అనేసి, అన్నం తిని పడుకుంటాను. అసలు పగంటే ఏమిటో వంటమనిషి కిష్టమ్మను చూశాక తెలిసింది.

కిష్టమ్మది చిట్యాల దగ్గర పల్లె. పెళ్లయి ఎల్బీనగర్ వచ్చింది, మొగుడు పోయాక హయత్‌నగర్ డిపో వెనక సందులో రెండు గదులు కిరాయికి తీసుకుని కూతురు మౌనికను చదివించింది. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మొదట పెళ్లి వంటల్లో సాయానికి పోయేది. తర్వాత పదకొండేళ్లు భానుమూర్తి గారి యాత్ర బస్సులో వండింది. నాకు ఆవిడ పరిచయం ఆ బస్సులోనే.

భానుమూర్తిది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటరు కింద గదిలో ఆఫీసు. ఏటా మాఘమాసంలో దక్షిణాది యాత్ర వేస్తాడు. ఏడు రోజులు, ఇరవై మూడు ఊళ్లు. మూడింటికి లేపుతాడు, నాలుగింటికి బస్సు. దిగండి, దండం పెట్టండి, ఎక్కండి. కొన్ని గుళ్లకైతే దిగడం కూడా ఉండదు, కిటికీలోంచే నమస్కారం. పోయిన ప్రతిసారీ ఇక జన్మలో వెళ్లకూడదని ఒట్టు పెట్టుకుని, మళ్లీ మాఘం రాగానే ఫోను చేసేవాళ్లం. ఎందుకు చేసేవాళ్లమో భానుమూర్తికి తెలియదు. దేవుడు పిలుస్తున్నాడనుకునేవాడు. నిజానికి మా కాలనీ వాళ్లెవరైనా ఫోను ఎత్తగానే అడిగే మొదటి మాట ఒకటే: "వంట ఎవరిదండీ?" కిష్టమ్మదే అంటే పేరు రాయించేవాళ్లు. తమిళ దేశం నడిబొడ్డున, చింతచెట్టు నీడలో, ముద్దపప్పూ గోంగూర పచ్చడీ వేడి వేడిగా వడ్డించే మనిషి మరొకరు ఎక్కడ దొరుకుతారు?

బస్సు ఆగితే మేం గుడికో, స్నానానికో పోతాం. ఆవిడ పొయ్యి వెలిగిస్తుంది. మేం తిరిగొచ్చేసరికి విస్తళ్లు సిద్ధం. మేం తిన్నాక గిన్నెలు కడుగుతుంది, బస్సు కదులుతుంది. అలా మహాబలిపురం పదకొండుసార్లు వెళ్లింది, సముద్రం చప్పుడు వినడమే తప్ప ఒక్కసారీ దగ్గరికి పోలేదు.

మూడేళ్ల కిందట మాత్రం పోయింది. గిన్నెలు త్వరగా అయిపోయాయి. సాయంగా ఉండే అంతయ్య డిక్కీలో సామాను సర్దుతున్నాడు. పది నిమిషాల్లో వస్తానని అతనితో చెప్పి ఇసకలోకి నడిచింది. అంతయ్య సామాను సర్ది, వెనక సీట్లో పడి నిద్రపోయాడు. బస్సులో లెక్క చూశారు. టికెట్టు ఉన్నవాళ్లు ముప్పై ఎనిమిది. సరిపోయింది. బస్సు కదిలింది. యాత్ర బస్సుల్లో లెక్క యాత్రికులకే. వంటవాళ్లను ఎవరూ లెక్కపెట్టరు, గరిటెలను లెక్కపెట్టనట్టే.

పుదుచ్చేరి దాటాక సాయంత్రం టిఫినుకు ఆపితే తెలిసింది. అప్పుడు కూడా మాకు తెలిసింది మనిషి లేదని కాదు, ఉప్మా లేదని. ఆవిడ దగ్గర ఫోను లేదు, చేతిలో రూపాయి లేదు, ఆ భాషలో ఒక్క ముక్క రాదు. మహాబలిపురం పోలీసు ఔట్‌పోస్టు వాళ్లు ఎలాగో నంబరు పట్టుకుని భానుమూర్తికి ఫోను చేశారు.

"వెనక్కి రావడం కుదరదండీ, రేపటి దర్శనాలు పోతాయి. ఏదో బస్సెక్కించి తంజావూరు పంపించెయ్యండి," అన్నాడాయన, మా అందరి ముందే.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తంజావూరు చేరింది కిష్టమ్మ. రాత్రంతా ఏదో బస్‌స్టాండులో గోడకు ఆనుకుని కూర్చుందట. భానుమూర్తి ఆవిణ్ణి చూసి, "వచ్చావా, పప్పు పెట్టెయ్, అందరూ ఆకలిమీదున్నారు," అన్నాడు. ఆవిడ పప్పు పెట్టింది. అది చాలదన్నట్టు ఆ రోజు నుంచీ బస్సు కదిలే ముందల్లా మైకు పట్టుకుని, "మన కిష్టమ్మ ఉందా, సముద్రంలో మునిగిందా?" అనేవాడు. బస్సు బస్సంతా నవ్వేది.

ఆ మాటను ఆవిడ రెండేళ్లు విన్నది. ఒక్కనాడూ మొహం మార్చుకోలేదు. మూడో ఏడు దసరాకు, మోకాళ్లు నొస్తున్నాయని చెప్పి పని మానేసింది. దీపావళి మర్నాడు కర్మన్‌ఘాట్‌లో మా ఇంటికొచ్చింది.

"మేడం, మీకు రాత మంచిగొస్తది. నాకొక యాత్ర ప్లాను రాసియ్యాలె," అంది, కింద కూర్చోబోతూ. కుర్చీ చూపిస్తే కూర్చుంది.

"ఎవరికి?"

"నాకే. నేనే ఏస్త యాత్ర. ఏడు దినాలు."

నా సంతోషం ఏం చెప్పను! భానుమూర్తి మీద నాకూ ఒళ్లు మంటే. వెంటనే కాగితం, కలం తీశాను. రిటైరయ్యాక ఇంత ఉత్సాహంగా ఏ పనీ చెయ్యలేదు. కంచి, చిదంబరం, కుంభకోణం, శ్రీరంగం అంటూ గబగబా రాసేస్తున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గియన్ని తీసెయ్‌రి."

"శ్రీరంగం కూడానా?"

"అన్ని. కంచిల రెండు రాత్రులు, తంజావూరుల రెండు రాత్రులు, ఆఖరుకు సముద్రం కాడ మూడు రాత్రులు. గంతే. ఆరు గొట్టకముందు ఎవ్వరు లెవ్వొద్దు. పగటీలి తిన్నంక అందరు పండుకోవాలె. తంజావూరు పెద్దగుడికి సాయంత్రం పోవుడు, రాయి సల్లబడ్డంక కూసుండుడు, సాలనిపిస్తే లేసుడు."

పొద్దున చెన్నైలో దిగే రైలు చూశాను. అక్కడి నుంచి తిరగడానికి బస్సు మాట్లాడాను. సముద్రానికి నాలుగడుగుల్లో ఉన్న సత్రం వెతకడానికి వారం పట్టింది. మెట్లు లేని గదులు, మోకాళ్ల నొప్పుల వాళ్లకు కుర్చీ బాత్‌రూములు, అన్నీ ఫోన్లో అడిగి అడిగి తెలుసుకున్నాను. వంటకు అంతయ్యను కిష్టమ్మే భానుమూర్తి దగ్గర్నుంచి లాగేసింది. ఇంకో ఆవిణ్ణి కూడా పెట్టుకుంది. ఒకరు వండితే ఇంకొకరు ఊరు చూసి రావాలి, అది ఆవిడ పెట్టిన షరతు. ఆ మూడు నెలలూ నేను ఆ ఇసకలోనే ఉన్నాననుకోండి. కాకినాడలో పుట్టి పెరిగిన దాన్ని, సముద్రం ఒడ్డున తీరిగ్గా కూర్చుని పాతికేళ్లయింది. ఏ గది నాకు బాగుంటుందో కూడా మనసులో అనుకున్నాను.

ఒక్క తారీకు దగ్గరే మాకు మాట తేడా వచ్చింది.

"భానుమూర్తి బస్సు కూడా ఆ రోజే బయల్దేరుతోంది కిష్టమ్మా. ఒక వారం జరుపుదాం, రైలు టికెట్లు సులువుగా దొరుకుతాయి."

"గా తారీకే గావాలె," అంది. గొంతు పెంచలేదు. కాగితం మీద ఆ తారీకే వేశాను.

కరపత్రాలు అచ్చయి రాగానే మొదటిది భానుమూర్తికే ఇస్తానంది. నన్ను వెంటబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వాడు.

"మూడు ఊళ్లకి ఏడు రోజులా? ఏంటమ్మా ఇది? జనం పుణ్యం కోసం వస్తారు. నువ్వేమో ముసలాళ్లని తీసుకెళ్లి ఇసకలో కూర్చోబెడతానంటున్నావ్!"

"అవ్ సారు. కూసుండబెడ్త."

"నీ బస్సెవరు ఎక్కుతారు?"

"మీ బస్సెక్కెటోళ్లే."

ఆయన నవ్వు కాస్త తగ్గింది. అది చూసి నాకు ఎంత హాయిగా ఉందో! బయటికొచ్చాక మెట్రో కింద నిలబడి ఇద్దరం చెరుకురసం తాగాం. మూడేళ్లలో ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను.

ఇక ఫోన్లు. మౌనిక నంబరు కలిపిచ్చేది, ఆవిడ మాట్లాడేది. ఎవరికీ యాత్ర గురించి చెప్పేది కాదు, తిండి గురించి చెప్పేది.

"సుమిత్రమ్మా, నేను కిష్టమ్మను. మీకు షుగరు గద, రాత్రి జొన్నరొట్టె జేస్త. ఉల్లిగడ్డ ఎయ్యని కూర మీకు ఎనకటి లెక్కనే వేరుగ తీస్త... శ్రీరామమూర్తి సారు బాగున్నరా? పండ్లు కట్టించుకున్నరా, లేకుంటె మెత్తగ ఉడకబెట్టాల్నా?"

పదకొండేళ్లలో ఆ బస్సెక్కిన ప్రతి మనిషి కడుపూ ఆవిడకు తెలుసు. భానుమూర్తి దగ్గర ఉన్నది పేర్ల పుస్తకం. ఈవిడ దగ్గర ఉన్నది వాళ్ల నాలుక. సంక్రాంతి లోపల ఆయన పుస్తకంలో ముప్పై ఎనిమిది పేర్లు పదకొండుకు దిగాయి.

జనవరి ఆఖరున ఆయన హయత్‌నగర్ వచ్చాడు, కారు సందులోకి రాక డిపో దగ్గరే దిగి నడిచి. రైలు కాగితాలు చూసుకుంటూ నేను అక్కడే ఉన్నాను. కిష్టమ్మ ఆయన్ను మంచం మీద కూర్చోమంది. చాయ్ పెడతానని లోపలికెళ్లి, చాయ్ పెట్టకుండా పప్పు కడగడం మొదలుపెట్టింది. పప్పు కడిగింది, బియ్యం ఏరింది, కొత్తిమీర తుంచింది. అరగంట కూర్చోబెట్టింది. నేను కాగితాల్లో తల దూర్చి నవ్వు ఆపుకోలేక చచ్చాను.

చివరికి ఆయనే గుమ్మం దాకా వెళ్లాడు.

"కిష్టమ్మా, అయిందేదో అయింది. మళ్లీ వచ్చెయ్యి. కరపత్రం మీద నీ పేరు కూడా వేయిస్తాను. నువ్వు లేకపోతే బస్సు కదిలేలా లేదు."

"ఎంతమంది అయిండ్రు సారు ఇప్పటికి?"

"పదకొండు."

"మంచిగ లెక్కవెట్టుకోండ్రి సారు. ఒకలిద్దరు ఎక్కడన్న మిగిలిపోతరు," అంది, కొత్తిమీర మీదనుంచి చూపు తిప్పకుండా.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ రాని చాయ్ కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. ఆ వారంలోనే తన యాత్ర రద్దు చేసి, బస్సును అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఏదో పెళ్లికి కిరాయికిచ్చాడని తెలిసింది. ఆ పదకొండు మందీ మర్నాడే మౌనికకు ఫోను చేశారు. నేను మిఠాయి కొనుక్కుని వెళ్లాను. పగ తీరిపోయింది, ఇక తీరిగ్గా పోయి సముద్రం చూడటమే మిగిలిందనుకున్నాను.

ఆ రోజే సీట్ల జాబితా రాయాలంది కిష్టమ్మ. గదులవాళ్లకు పంపాలి. ఆవిడ చెబుతుంటే నా చేత్తో నేనే రాశాను. ముప్పై ఆరు సీట్లు. మొదటి పేరు సుమిత్రమ్మది, రెండోది శ్రీరామమూర్తి గారిది. అలా ఇరవై, ముప్పై. ముప్పై అయిదు దాటేదాకా నాకు అనుమానమే రాలేదు. చివర్న చెబుతుందిలే అనుకున్నాను, ఇంటిమనిషిని కదా.

"ముప్పై ఆరు నేనేనా?" అన్నాను నవ్వుతూ.

"కాదు మేడం."

"అదేంటి? మరి నా సీటు?"

మౌనిక లేచి లోపలికి పోయింది. కిష్టమ్మ నాకేసి చూసింది, కరపత్రం ఇచ్చిన రోజు భానుమూర్తిని చూసిన చూపే.

"నవ్వినోళ్లను ఇడిసిపెట్టిన మేడం. ఒకలను జూసి ఒకలు నవ్వుతరు. కని ఆ దినం లెక్కవెట్టింది మీరు. సీటు సీటుకు ఏలు వెట్టుకుంట ఎనకదాక ఒచ్చిన్రట, అంతయ్య సగం నిద్రల జూసిండు. నా జాగల నా సంచి ఉండె, నా చెప్పులుండె. మీరు జూసిన్రు. జూసి, 'ముప్పై ఎనిమిది, పోనియ్‌రి' అన్నరు."

చూశాను. సంచీ చూశాను, చెప్పులు చూశాను. ఎక్కడుందో అనుకున్నాను కూడా, ఒక్క క్షణం. ఎండ మండిపోతోంది, బస్సు కదిలితే గాలి వస్తుంది. ఆ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. పైన ఇంత రాసీ మీకూ చెప్పలేదు.

"మరి ప్లాను నాతో ఎందుకు రాయించావు?" అన్నాను.

"మీకు మంచిగొస్తది గద."

కోపం ముంచుకొచ్చింది. కాగితం చింపి మొహాన కొట్టాలనిపించింది. మూడు నెలల చాకిరీ, ఆ సత్రం, ఆ గది, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. రెండు మాటలు అనేద్దామని నోరు తెరిచాను.

"రాయుండ్రి మేడం, ఆలస్యమైతుంది," అంది కిష్టమ్మ. "ముప్పై ఆరు, అరుణమ్మ. కింద గది ఇయ్యమని కూడ రాయుండ్రి, ఆమె మెట్లెక్కలేదు."

రాశాను.