విశాలాక్షిగారి ఎడమచేతి కీబోర్డు

కోవిడ్ తర్వాత ఆఫీసులు మళ్లీ తెరిచిన ఏడు, నోయిడాలోని ఒక చిన్న కంపెనీలో నేను ఫర్మ్‌వేర్ విభాగం మేనేజరుగా ఉన్నాను. కీబోర్డు లోపల గోరంత చిప్పు ఉంటుంది. ఏ మీట నొక్కితే ఏ అక్షరం వెళ్లాలో దానికి చెప్పే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. మేం ఎక్కువగా బిల్లింగు కౌంటర్లకు కీబోర్డులు చేసేవాళ్లం. ఆ చలికాలం నాకు అప్పగించిన కీబోర్డు మాత్రం ఒకే ఒక్క మనిషి కోసం.

ఆవిడ పేరు విశాలాక్షి. రాజమండ్రి మనిషి. కేంద్ర ప్రభుత్వంలో ప్రైవేట్ సెక్రటరీ, అంటే స్టెనోగ్రాఫర్లలో పై హోదా. నరాల జబ్బుతో కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది. జబ్బు పెరిగేదే తప్ప తగ్గేది కాదని డాక్టర్లు చెప్పేశారు. చట్టం ప్రకారం ఉద్యోగం తీసెయ్యరు. పని లేని పోస్టులో వేసి జీతమిస్తారు. ఆవిడకు అదే చావుతో సమానం.

"ఊరికే కుర్చీలో కూచోమంటే ఒక్కరోజు కూడా ఉండలేనండీ. ఎడం చేత్తో టైపు చేసే దారి చూపించండి, చాలు," అన్నారు.

దారి ఉంది. దాన్ని లేయర్లంటాం. కీబోర్డులో ఎడమ సగమే ఉంచి, బొటనవేలి కింద ఒక మీట పెడతాం. దాన్ని నొక్కి పట్టుకుంటే మిగతా మీటలు కుడి సగం అక్షరాలు ఇస్తాయి. తట్టి వదిలేస్తే స్పేసు పడుతుంది. తట్టారా, పట్టుకున్నారా అన్నది ఎంతసేపు నొక్కారన్నదాన్నిబట్టి చిప్పు తేల్చుకుంటుంది.

మా పద్ధతిలో ముందు మనిషి చెయ్యి చూసి అవసరాలు రాస్తాం. సంతకాలయ్యాక వాటిని ఇక మార్చం. ఆపైన కోడు, టెస్టింగు, నెలాఖరుకు రిలీజు, అంటే వాడేవాళ్ల చేతికివ్వడం. మధ్యలో ఏ మార్పు వచ్చినా తర్వాతి రిలీజుకే. బిల్లింగు కౌంటర్లకు ఇది భేషైన పద్ధతి. విశాలాక్షిగారి దగ్గర మాత్రం, మొదటి రిలీజు అందేసరికే బొటనవేలు పైకి లేవడం నెమ్మదించింది. స్పేసు కోసం తడితే పట్టుకున్నారనుకుని చిప్పు లేయరు మార్చేసేది. తెరమీదంతా పిచ్చి అక్షరాలు. పట్టుకున్నట్టు లెక్కేసే వ్యవధి పెంచాం. అది చేరేసరికి నొక్కి పట్టుకునే శక్తే పోయింది. స్పేసును పక్క మీటకు మార్చి, బొటనవేలి మీటను ఒకసారి తడితే తర్వాతి అక్షరానికి మాత్రం లేయరు మారేలా రాశాం, మీటల స్ప్రింగులూ తేలిక చేశాం.

ఆవిడ ఎగతాళి మానలేదు. "పెళ్లికి పెట్టినట్టు ఈ రిలీజులకు ముహూర్తాలేవిటండీ?" అనేవారు ఫోనులో. నేను నవ్వేవాణ్ని. లోపల మాత్రం ఆశ చచ్చిపోతోంది.

చివరి వెర్షన్ ఒక్క తప్పు లేకుండా పాసైంది. టెస్టు చేసినవి మా ఇంజనీర్ల ఆరోగ్యమైన వేళ్లు. ఢిల్లీ ఆర్.కె. పురంలో ఆవిడ ఉండే ప్రభుత్వ క్వార్టర్‌కు నేనే పట్టుకెళ్లాను. తలుపు తీసిన కూతురికి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడేది హిందీయే. "అంకుల్, మమ్మీ కా హాథ్ అబ్ ఉఠ్తా హీ నహీ," అంది. చెయ్యి ఇక లేవడమే లేదట. అయినా కీబోర్డు పెట్టమన్నారు విశాలాక్షిగారు. కూతురు ఆ చేతిని ఎత్తి మీటలమీద ఉంచింది. వేళ్లు కదల్లేదు. మేం తేలిక చేసిన మీటలు కదా, చేతి బరువుకే ఒకటి దిగిపోయి తెరమీద ఒకే అక్షరం వరసగా పడుతూ పోయింది. నేను కేబుల్ పీకేశాను.

"బాగా చేశారండీ," అన్నారావిడ. మాట కూడా ముద్దగా వస్తోంది. "కాకపోతే ఇది నా పోయిన నెల చేతికి."

ఆవిడను పని లేని పోస్టుకు మారుస్తూ ఆ వారమే ఆర్డరు వచ్చింది.

తగ్గిపోతున్న శక్తికి ఇవాళ్టి కొలత తీసుకోకూడదు. వస్తువు చేతికందే రోజుకు ఏం మిగులుతుందో ముందే అడగాలి. ఎంత కఠినమైన ప్రశ్న అయినా అడగాలి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఇలాంటి పని ఏది వచ్చినా, మొదట ఒక్క మీట మాత్రమే నొక్కగలిగే ఆఖరి దశకు ప్రోగ్రాం రాసి, అక్కణ్నుంచి వెనక్కి వచ్చాను. వాటిలో కొన్ని పనికొచ్చాయి. విశాలాక్షిగారికి చేసినవాటిలో ఒక్కటీ పనికి రాలేదు.