పుదీనా టీ, తొంభై రెండు మార్కుల కేకు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. తర్వాత ఏళ్ళు గడిచేకొద్దీ తెలియనివి ఒక్కొక్కటే పెరుగుతూ వచ్చాయి గానీ, పంతొమ్మిదో ఏట మాత్రం నేను సర్వజ్ఞురాలిని. రాజమండ్రిలో టీచరు ట్రెయినింగు ముగించుకుని, గృహవిజ్ఞానంలో నూటికి తొంభై రెండు తెచ్చుకుని (ఈ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేదాన్ని), ఫ్రెంచివాళ్ళు జెండా దించుకుని వెళ్ళిపోయిన మరుసటి ఏడు యానాంలో ఆడపిల్లల బడికి పంతులమ్మగా వచ్చాను. ఫరంపేటలో మా పెదనాన్నగారింట్లో దిగాను. రెండు జాకెట్లు, ఒక గొడుగు, అట్ట వేసిన మూడు నోటు పుస్తకాలు, ఇవీ నా ఆస్తి. వాటిలో మూడో పుస్తకం మీద ‘బేకింగు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉండేది. ట్రెయినింగు స్కూల్లో బేకింగు పొయ్యి లేదు. మా మేడమ్ కేకు ఎలా చెయ్యాలో చెబుతుంటే అరవై మందిమి రాసుకున్నాం, బట్టీ పట్టాం, పరీక్ష రాశాం. అందులో ఒక్కరమైనా కేకును కళ్ళతో చూసిన గుర్తు లేదు.

మా పెదనాన్నని వీధిలో అందరూ ‘సోల్జరుగారు’ అనేవారు. పెళ్ళైన ఏడాదికే ఫ్రెంచి పటాలంలో చేరి మొరాకో అనే ఎడారి దేశం వెళ్ళిపోయాడాయన. పదిహేడేళ్ళలో సెలవు మీద ఇంటికొచ్చింది రెండే రెండుసార్లు. పటాలం వదిలేసి శాశ్వతంగా వచ్చిన రోజున, ఆయన పెద్ద పెట్టెలో ఏముందో చూద్దామని వీధి వీధంతా అరుగు మీదకి చేరిందట. తీరా పెట్టె తెరిస్తే అందులోంచి కొంగ మెడలాంటి పొడుగాటి ముక్కున్న ఒక తెల్ల లోహపు టీ కూజా, రంగుల పువ్వులు వేసిన ఆరు చిన్న గాజు గ్లాసులు, ఒక డబ్బా ఆకుపచ్చ తేయాకు వచ్చాయి. తడిగుడ్డలో చుట్టిన నాలుగు పుదీనా కాడలు కూడా ఉన్నాయి గానీ అవి దార్లోనే ఎండిపోయాయి. ఆయన మాత్రం నిరుత్సాహపడకుండా మర్నాడే బజారుకెళ్ళి పుదీనా కట్ట కొని, నూతి పక్కన మడి కట్టి నాటేశాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన టీ చేసేవాడు. అది చూడ్డం కోసం నేను వారం రోజులూ ఎదురుచూసేదాన్నంటే అతిశయోక్తి కాదు. పొద్దున్న చర్చి గంటల హడావుడి సద్దుమణిగేది. భోజనాలై వీధంతా కునికేది. గోదావరి మీంచి వచ్చే గాలికి కొబ్బరాకులు కదలడం తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. పెదనాన్న ఉతికిన చొక్కా వేసుకుని, పెరట్లో చాప పరుచుకుని, కుంపటి ముందు బాసింపట్టు వేసుకు కూచునేవాడు. పుదీనా గుప్పెడు తుంచి, అరచేతిలో చిన్నగా చరిచి కూజాలో వేసేవాడు. ఆ చరుపుకి పెరడంతా వాసన నిండేది. కాసేపాగి కూజా ఎత్తేవాడు. ముందు గ్లాసుకి జానెడెత్తు, తర్వాత మూరెడు, తర్వాత చెయ్యి తలపైకి పోయేది! అక్కణ్ణుంచి బంగారు తీగలాగా సన్నని ధార, అరచెయ్యంత కూడా లేని గ్లాసులోకి, చుక్క అటూ ఇటూ పడకుండా దిగేది. పైన తెల్లటి నురగ కిరీటంలా లేచేది. నేను ఊపిరి బిగబట్టేదాన్ని. (అదే నేను మంచినీళ్ళు గ్లాసులో పోస్తే సగం నేల తాగేది.) పాలు లేని టీ మా జిల్లాలో జ్వరం వచ్చినవాళ్ళకి ఇస్తారు. మొదటిసారి ఆయన గ్లాసందించినప్పుడు, “నాకు ఒంట్లో బాగానే ఉందండి పెదనాన్నా!” అన్నాను. ఆయన నవ్వకుండా, “తాగు, ఇంకా బాగుంటుంది” అన్నాడు. తాగాను. నాలిక మీద తీపి, గొంతులో చల్లదనం, కడుపులో వేడి. ఈ మూడూ ఒక్క గుక్కలో ఎలా ఇమిడాయో గృహవిజ్ఞానం ఎక్కడా చెప్పలేదు.

పెద్దమ్మ మాత్రం దాన్ని ‘ఆకు నీళ్ళు’ అనేది. ఆదివారం మధ్యాహ్నం కావాలని వంటింట్లో కూచుని బియ్యంలో లేని రాళ్ళు ఏరేది. ఆ పదిహేడేళ్ళలో అత్తగారు బతికినన్నాళ్ళూ ఆవిడకి చేసి, ఆవిడ పోయాక ఇల్లూ వాకిలీ ఒక్కతే చూసుకుని, ఇప్పుడు హఠాత్తుగా ఒక మొగుణ్ణి తెచ్చి ఇంట్లో పెడితే ఏం చెయ్యాలో ఆవిడకి తెలిసేది కాదు. వేళకి అన్నం పెట్టేది, చొక్కాలు ఉతికేది. మాట్లాడాలంటే మాత్రం మధ్యలో నేనుండాలి.

“మీ పెదనాన్నని కాళ్ళు కడుక్కోమనవే.”

“పెదనాన్నా, కాళ్ళు కడుక్కోమంటోంది పెద్దమ్మ.”

“కడుక్కున్నానని చెప్పమ్మా.”

ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులూ నేను తపాలా మోసేదాన్ని.

ఒక బుధవారం పుదుచ్చేరి నుంచి ఉత్తరం వచ్చింది. పెదనాన్నతో కలిసి పటాలంలో పనిచేసిన స్నేహితుడు రాశాడు. అక్కడ నలుగురైదుగురు పాత సిపాయిలు కలిసి ఒక ఇల్లు తీసుకున్నారట, నువ్వూ వచ్చెయ్యి, కాలక్షేపంగా ఉంటుంది అని దాని సారాంశం. పెదనాన్న ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, నూతి దగ్గర పుదీనాకి నీళ్ళు పోస్తూ నాతో అన్నాడు.

“ఈ ఆదివారం చూసి, సోమవారం బయల్దేరతాను అమ్మాయ్. మీ పెద్దమ్మకి ఇప్పుడే చెప్పకు.”

“ఎందుకండీ వెళ్ళడం?”

“ఈ ఇంట్లో నేను చుట్టాన్నమ్మా. చుట్టం ఎన్నాళ్ళుంటాడు చెప్పు? ఆవిణ్ణి ఇబ్బంది పెట్టేకంటే...” అని ఆగిపోయి, మాట మార్చడానికన్నట్టు, “మొరాకోలో టీతోపాటు తీపి రొట్టెలు పెట్టేవారు. ఈ ఆరు నెలల్లో ఆ లోటొక్కటే తెలుస్తోంది” అన్నాడు.

పుదీనా వాసన లేని ఆదివారాన్ని ఊహించుకోలేకపోయాను. అంతకంటే కూడా, కోపమొచ్చినా తాపమొచ్చినా వంటింటి గుమ్మం దాటని పెద్దమ్మ ముఖం గుర్తొచ్చింది. అప్పుడు, దేవుడా, నా నోట్లోంచి ఈ మాట వచ్చింది: “తీపి రొట్టె ఏవిటి పెదనాన్నా, ఆదివారం నేను కేకు చేస్తాను. నాకు తొంభై రెండు మార్కులు!”

శనివారం సాయంత్రానికల్లా మైదా, పంచదార, వెన్న, డజను గుడ్లు, వంటసోడా పోగుచేశాను. ఆదివారం భోజనాలవగానే పెరట్లో మూడో నోటు పుస్తకం గోడకి ఆనించి పెట్టి, కొంగు దోపుకున్నాను. పుస్తకంలో ‘ఓవెన్’ అని ఉన్నచోట ఇత్తడి గుండిగలో ఇసక పోసుకోవచ్చని నేనే తీర్మానించాను. ‘ఒక టీ స్పూను సోడా’ అని ఉంది. ఆ ఇంట్లో టీ కోసమని వాడే స్పూను ఒక్కటే ఉండేది, పెదనాన్న డబ్బాలోంచి తేయాకు తీసే పెద్ద కొయ్య చెంచా. పేరు సరిపోయింది కదా అని దాంతో నిండుగా వేసి, పిండి కలిపి, గిన్నెని గుండిగలో ఇసక మీద దించి మూతపెట్టాను. ‘సమమైన వేడి’ అంటే ఏమిటో తెలియక, ఎక్కువైతే నష్టమేముందని కుంపటి నిండా బొగ్గులు పోసి గుండిగ కింద పెట్టాను. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఏదో అనబోయింది. “నువ్వూరుకో పెద్దమ్మా, ఇది సైన్సు” అన్నాను.

కాసేపటికి మూత తీసి చూద్దును కదా, నా పిండి లేస్తోంది! ఊపిరి తీసుకుంటున్నట్టు మెల్లిగా పైకి వస్తోంది. పుస్తకంలో రాసిన మాట కళ్ళ ముందు నిజమవుతుంటే ఒళ్ళు జలదరించింది. “పెదనాన్నా, రండి రండి!” అని కేకలు పెట్టాను. ఆయన వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, అధికారి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. మేమిద్దరం చూస్తుండగా ఆ కేకు గిన్నె అంచు దాకా వచ్చింది, అంచు దాటింది, పక్కనుంచి ఇసకలోకి కారింది, తర్వాత ఏదో చెడ్డ వార్త విన్నట్టు ఒక్కసారిగా కూలబడిపోయింది. గిన్నె దించి తిరగేస్తే అడుగు నల్లరాయి, పైన పచ్చి గంజి. దానికంటుకున్న ఇసక అదనం.

నేను ఏడుపు మింగుకుంటూ ఆ రాతిలోంచే ఒక ముక్క కొట్టి (కొయ్యడం కుదర్లేదు, పచ్చడిబండ వాడాను) పళ్ళెంలో పెట్టి చాప మీద ఉంచాను. పెదనాన్న టీ పోశాడు. ఆ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కరకరమని శబ్దం వచ్చింది. ఆయన ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు. నమిలాడు, నమిలాడు, ఇంకా నమిలాడు.

“బాగుందమ్మా” అన్నాడు చివరికి. “పటాలంలో ఇంతకంటే గట్టివి తిన్నాం.”

వంటింటి గుమ్మంలోంచి ఒక శబ్దం వచ్చింది. ఏదో గిన్నె పడిందనుకున్నాను. కాదు, పెద్దమ్మ నవ్వుతోంది! కొంగు నోటికడ్డం పెట్టుకుంది గానీ ఆగడం లేదు. గుమ్మం పట్టుకుని వంగిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది. పెదనాన్న నమలడం ఆపేసి అటు తిరిగాడు. ఆ నవ్వు ఆ ఇంట్లో ఆయన ఎప్పుడు విన్నాడో, అసలు విన్నాడో లేదో!

“ఎందుకండీ ఆ బొగ్గు మింగుతున్నారు? పళ్ళూడిపోతాయి, అవతల పారెయ్యండి!” అంది పెద్దమ్మ.

ఆ మాట నా ద్వారా రాలేదు. తిన్నగా ఆయనకే వెళ్ళింది. పెదనాన్న బుద్ధిగా ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

పెద్దమ్మ గుమ్మం దిగి పెరట్లోకి వచ్చింది. “నిప్పు కింద కాదే పిచ్చిదానా, పైన ఉండాలి. లే, అవతలికి జరుగు” అంటూ నా చేతిలో పట్టకారు లాక్కుంది. మిగిలిన గుడ్లు పగలగొట్టి, పంచదార వేసి, కవ్వంతో చిలికింది. వెన్న కోసం మజ్జిగ చిలికే చేతులవి, అలసట ఎరగవు. చూస్తుండగా గిన్నెలో తెల్లటి నురగ కొండలా లేచింది. మైదా గుప్పిట్లతో కొలిచి వేసింది. పచ్చికొబ్బరి తురిమింది, రెండు ఏలకులు నలిపింది. సోడా పొట్లం కాలితో అవతలికి తోసింది. దళసరి ఇనప మూకుడికి వెన్న రాసి పిండి పోసి, మూతపెట్టి, కింద నాలుగంటే నాలుగు బొగ్గులుంచి, మిగతా నిప్పులన్నీ మూత మీద పేర్చింది.

“దిబ్బరొట్టె ఇలాగే కదే కాలుస్తాం! నీ సైన్సులో ఇది చెప్పలేదా?”

చెప్పలేదు.

“నేను విసురుతాను” అంటూ పెదనాన్న విసనకర్ర అందుకుని కుంపటికి అటు పక్క కూచున్నాడు. పెద్దమ్మ ఇటు పక్క కూచుంది. నేను ఏ పక్కా అక్కర్లేదని నాకే అర్థమై నూతి గట్టెక్కాను.

కాసేపటికి పెదనాన్న అన్నాడు, “అక్కడ ఆడవాళ్ళు మట్టి పొయ్యిలో రొట్టె కాల్చేవారు. ఆ వాసన వస్తే నువ్వు కాల్చే దిబ్బరొట్టె గుర్తొచ్చేది.”

“పదిహేడేళ్ళలో ఆ ముక్క ఒక్క ఉత్తరంలోనైనా రాశారా?”

“ఉత్తరాలు ముందు మా పైవాళ్ళు చదివేవారు. సిగ్గేసేది.”

పెద్దమ్మ నిప్పులు సర్దింది. “నాకేం తెలుసు, మర్చిపోయేరనుకున్నాను” అంది. విసనకర్ర ఆగింది. “ఆపకండి, నిప్పు ఆరుతుంది” అంది మళ్ళీ తనే.

ఆవిడ గడియారం చూడలేదు, మూత తీసి చూడలేదు. వాసన పీల్చి, “ఇంకా” అంది. మళ్ళీ పీల్చి, “అయింది” అంది. మూత ఎత్తింది. లోపల పున్నమి చంద్రుడిలాంటిది, అంచుల్లో ఎర్రగా, నడుమ బంగారంలా, బూరుగు దూదిలా పొంగి కూచుంది. నేను ఆ తర్వాత చాలా ఊళ్ళు చూశాను, పెద్ద పెద్ద గాజు బీరువాల్లో పెట్టిన కేకులు చూశాను. ఆ మూకుడు ముందు చేతులు జోడించాలనిపించినట్టు ఇంకెక్కడా అనిపించలేదు. పెదనాన్న నోట్లో ముక్క పెట్టుకుని, “బ్రావో!” అన్నాడు. అంటే ఏమిటని పెద్దమ్మ నన్ను చూసింది. “నువ్వే అడుగు పెద్దమ్మా” అన్నాను. ఆ రోజుతో తపాలా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను.

ఆయన కొత్తగా టీ కాచి, కూజా తలపైకి ఎత్తి పెద్దమ్మ గ్లాసులోకి పోశాడు. ఈసారి మాత్రం నాలుగు చుక్కలు చాప మీద పడ్డాయి. పెద్దమ్మ ఆ ధార వంక నోరు తెరుచుకుని చూసింది. ఆర్నెల్లుగా కిటికీ చువ్వల్లోంచి చూస్తోందట, ఇంత దగ్గరగా చూడ్డం అదే మొదలట. తాగి, “పంచదార ఎక్కువైంది” అని, ఖాళీ గ్లాసు మళ్ళీ ముందుకు జరిపింది. అలా మూడు తాగింది. సోమవారం పెదనాన్న ప్రయాణం కట్టలేదు. పోస్టాఫీసుకెళ్ళి కార్డు కొని పుదుచ్చేరికి రాశాడు. ఏం రాశాడో నేను చూడలేదు గానీ, పెద్దమ్మ చూసి, సిగ్గుపడి, కార్డు తనే పోస్టు డబ్బాలో వేసింది.

ఆ సోమవారమే బడిలో పెద్ద క్లాసు ఆడపిల్లలకి నేను బేకింగు పాఠం చెప్పాలి. పుస్తకం తెరిచాను, మూసేశాను. “ఇంట్లో దిబ్బరొట్టె కాల్చడం మీలో ఎవరికి వచ్చు?” అని అడిగాను. క్లాసంతా చేతులెత్తింది. దరియాలతిప్ప నుంచి నడిచి వచ్చే ఒక బక్కపల్చటి పిల్లని పిలిచి, నా కుర్చీ దగ్గర నిలబెట్టి పాఠం చెప్పమన్నాను. నేను వెళ్ళి దాని బెంచీలో కూచున్నాను. “కొంచెం నిప్పు ఉండాలండి” అంది అది. “కొంచెం అంటే ఎంత?” అన్నాను పెన్సిలు పట్టుకుని. “కొంచెం అంటే కొంచెవేనండి పంతులమ్మగారూ, ఎంత ఏవిటండీ!” అంది. పిల్లలందరూ గొల్లుమన్నారు. పొట్టి బెంచీలో మోకాళ్ళు పట్టక ఇబ్బంది పడుతూ, సర్వం తెలిసిన ఆ పంతొమ్మిదేళ్ళ పంతులమ్మ బుద్ధిగా ‘కొంచెం’ అని రాసుకుంది. ఇప్పుడు తలచుకుంటే ఆ పంతులమ్మ మీద నవ్వొస్తుంది, కోపం మాత్రం రాదు. ఆ రోజు క్లాసులో అందరికంటే బాగా పాఠం విన్నది అదే మరి.