నేను మార్చి చెప్పిన మాట

అప్పట్లో ద్వారకా నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేదాన్ని. మూడు విదేశీ సంస్థలు కలిసి మల్కాపురంలో ఆడపిల్లల కోసం ఏదో పని మొదలుపెట్టాయనీ, వచ్చేవాళ్ల మాట పిల్లలకీ, పిల్లల మాట వాళ్లకీ చెప్పే మనిషి కావాలనీ తోటి టీచరు అంటే వెళ్లాను. రెండేళ్లు చేశాను. అంతగా నవ్విన రోజులు నాకు మళ్లీ రాలేదు.

ఒక కమ్యూనిటీ హాల్లో కూర్చునేవాళ్లం. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఇరవై మంది దాకా వచ్చేవారు. కొందరి నాన్నలు పోర్టులో పనిచేసేవాళ్లు, కొందరు సముద్రం మీద వేటకెళ్లేవాళ్లు. శనివారం మూడింటికి రమ్మంటే రెండింటికే వచ్చి చాపలు పరిచేసేవాళ్లు. ఒకరి జడ ఒకరు వేసుకుంటూ, చున్నీ కొంగులో తెచ్చిన మరమరాలు పంచుకుంటూ ఉండి, నేను గుమ్మంలో కనబడగానే "అక్కొచ్చీసింది!" అని ఒక్కసారే అరిచేవాళ్లు. గాలి తిరిగితే పక్కనున్న పెట్రోలు రిఫైనరీ వైపు నుంచి నూనె వాసన హాలంతా నిండిపోయేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే ముక్కు మూసుకోబుద్ధి కాదు, ఒక క్షణం నిలబడిపోతాను.

మూడు సంస్థల వాళ్లూ మంచివాళ్లే. ఒకరు ఆరోగ్యం, ఒకరు చదువు, ఒకరు పిల్లల రక్షణ చూసేవారు. పేరుకి కలిసి పనిచేస్తున్నా, మొదట్లో ఎవరి దారి వారిదే. ఒక్కో వారం ఒక్కొక్కరు వచ్చి దాదాపు అవే ప్రశ్నలు వేరే కాగితం మీద అడిగేవారు. చేపలమ్మే ఆవిడ కూతురు, పదహారేళ్లది, మూడోసారికి పెన్ను కింద పెట్టేసింది.

"ఏటక్కా, మొన్న సెప్పిందే గదా! ఈల్లు ముగ్గురూ ఒకలితో ఒకలు మాటాడుకోరా?"

పిల్లలందరూ ఫక్కున నవ్వారు. వచ్చినావిడ ఎందుకు నవ్వుతున్నారని అడిగింది. ఊరికేనండీ అన్నాను.

పదో తరగతి అయ్యాక నలుగురు పిల్లలు కాలేజీ మానేశారు. చేపలమ్మే ఆవిడ కూతురు కూడా అందులో ఒకతె. ఆ సంగతి తేల్చడానికి మొదటిసారి మూడు సంస్థల వాళ్లూ ఒకే రోజు వచ్చి కూర్చున్నారు. ఎందుకు మానేశారని అడిగితే ఆ పిల్లే లేచింది.

"బేగులిచ్చినారు, పుస్తకాలిచ్చినారు, బావుంది. గానీ బస్సు దిగితే ఇంటికి టేంకర్ల మద్దిలోంచి నడిసి రావాల. ఆ లారీలోల్లు ఏటేటో అంతారు. మా అమ్మ భయపడి మానీమంది. మీరు మూడు కాయితాలు తెచ్చినారు, ఒక్కదాన్లోనూ ఆ దారి గురించి అడగనేదు."

నాకు వాళ్ల మనసు నొచ్చుకుంటుందేమో, కోపం వచ్చి కార్యక్రమమే ఆపేస్తారేమో అనిపించింది. అందుకని, బ్యాగులకీ పుస్తకాలకీ కృతజ్ఞతలు చెబుతోందనీ, రాకపోకల విషయం కూడా కాస్త చూడమంటోందనీ ఇంగ్లీషులో చెప్పాను. వాళ్లు చిరునవ్వుతో రాసుకున్నారు. ఆ పిల్ల మాత్రం కూర్చోలేదు.

"అక్కా, నాను సెప్పింది అది కాదు."

"అదేనమ్మా, కొంచెం పద్ధతిగా చెప్పాను."

"నాకు ఇంగ్లీసు అంతా రాదు గానీ, టేంకర్ అంటే ఇంగ్లీసులోనూ టేంకరే గదా. నువ్వు ఆ మాటే అననేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను తప్పు చెప్పానని వచ్చినవాళ్లతో ఒప్పుకుని, ఆ పిల్ల అన్నది మూడు కాగితాల మాటతో సహా మళ్లీ చెప్పాను. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దావిడ, నెరిసిన జుట్టావిడ, కాగితాలు సంచిలో పెట్టేసుకుని, "ఆ దారి ఇప్పుడు చూపిస్తారా?" అంది.

అందరం బస్టాపు దగ్గరికి వెళ్లి అక్కణ్నుంచి వెనక్కి నడిచాం. రెండు వైపులా టాంకర్లు, మధ్యలో ఒక్క మనిషి పట్టేంత సందు. ముందు నడుస్తున్న ఆ పిల్లను చూసి, ఒక లారీలోంచి ఎవడో ఈల వేసి ఏదో అన్నాడు. ఆ పిల్ల తల తిప్పలేదు. పెద్దావిడ ఆగి, అతనేమన్నాడని నన్ను అడిగింది. చెప్పడానికి నోరు రాలేదు గానీ, ఉన్నదున్నట్టు చెప్పాను.

తర్వాతి వారం ముగ్గురూ కలిసి ఒకే కాగితం తెచ్చారు. పిల్లలు ఆ దారి బొమ్మ పెద్ద చార్టు మీద గీశారు. దాన్ని పట్టుకుని, తల్లుల్ని వెంటబెట్టుకుని, మూడు సంస్థలూ కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగాయి. వానాకాలం వెళ్లిపోయింది. చివరికి టాంకర్లు గోడ అవతలికి జరిగాయి, దారిలో దీపాలు వచ్చాయి. నలుగురిలో ఇద్దరే తిరిగి కాలేజీలో చేరారు. ఒకమ్మాయికి అప్పటికే పెళ్లయిపోయింది. ఇంకొకతె బట్టల షాపులో కుదిరిపోయింది, మళ్లీ రానంది. ఆ ఇద్దర్నీ తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఆ పిల్ల పెన్ను కింద పెట్టేసిన రోజే, ఊరికేనండీ అనకుండా నేను నోరు విప్పి ఉంటే అనిపిస్తుంది.

చేపలమ్మే ఆవిడ కూతురు చేరింది. "దీపాలెట్టించినారు సరే, అయినా నాను ఎదురెల్తాను" అని వాళ్లమ్మ చాన్నాళ్లు చేపల బేసిన్ చంకనెట్టుకుని బస్టాపులో నిలబడేది.

కార్యక్రమం ముగిసిన రోజు పిల్లలు చేపల పులుసు వండి అందరికీ వడ్డించారు. పెద్దావిడ కారానికి కళ్లు తుడుచుకుంటూ రెండోసారి వేయించుకుంది. ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్లం పడిపోయాం.

ఆ పిల్ల ఇప్పుడు సీతమ్మధారలో, మా వెనక వీధి ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. మొన్న నన్ను చూసి, "ఆదివారం ఇంటికి రా అక్కా, అమ్మ నిన్ను సూడాలంతంది" అంది. వెళ్లాను. వాళ్లమ్మ గుర్తుపట్టడానికి కాస్త సమయం తీసుకుంది గానీ, పట్టాక చెయ్యి వదల్లేదు. ఇరవై మంది పిల్లల్లో ఎవరెవరు ఎక్కడున్నారో చెప్పుకుంటూ, పొద్దు వాలేదాకా వాళ్లింటి గుమ్మంలోనే కూర్చున్నాం.