తోడికోడలు కొలిచిన వీధి

రోడ్ల ఆఫీసులో పెద్దకోడలు ఇరవై రెండేళ్లుగా పటాలు గీస్తోంది. బండి ఏ వేగంతో వస్తే మలుపు ఎంత వెడల్పుండాలో ఆమెకు నోటిలెక్క. అలాంటిది, బడి ముందరి వీధిని మార్చే పని నిన్నగాక మొన్న అదే ఆఫీసులో చేరిన తోడికోడలికి అప్పగించారు. పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

చిన్నది చేసిందల్లా మూడు రోజులు వీధి పక్కన కూర్చుని, ఎవరు ఎన్ని సెకన్లలో దాటుతున్నారో రాసుకోవడమే.

"బళ్లు కాసేపు ఆగితే కొంపలేం మునగవు సార్. మనుషులకి పద్నాలుగు సెకన్లు కావాలి, బళ్లను ఆపే ఎర్రలైటు అంతసేపు ఉండాలి" అంది. పెద్దసారు మురిసిపోయాడు.

"ఇన్నేళ్లూ నేను గీసినవి పిచ్చిగీతలు కాబోలు!" అంటూ పెద్దకోడలు ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేసింది. మొగుడు పేపరు చాటున తలదాచుకున్నాడు.

తప్పు దొరక్కపోతుందా అని మర్నాడు టేపు పట్టుకుని ఆ వీధికి వెళ్లింది. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఉసూరుమంటూ వెనుదిరగబోతుంటే, అత్తగారు చేతికర్రతో మందుల దుకాణం వైపు దాటుతూ కనిపించింది. పెద్దకోడలు గడియారం చూసుకుంది. పద్నాలుగో సెకనుకి ముసలావిడ ఇంకా నడివీధిలోనే ఉంది. దాటేసరికి ఇరవై మూడు. చిన్నది బడి వేళల్లో, పిల్లలు దాటేటప్పుడే లెక్క కట్టింది మరి!

దొరికింది. కానీ ఎవరికీ చెప్పలేదు. లైటు పెట్టాక, నలుగురూ చిన్నదాన్ని తిట్టినప్పుడు చెప్పొచ్చనుకుంది. నాలుగు రోజులు ఆ సంతోషాన్ని కొంగున ముడేసుకుని తిరిగింది.

ఐదో రోజు అత్తగారు, "లైటు పెడతారటగా, చిన్నది చెప్పింది. ఇక దేవుడి మీద భారం వేసి దాటక్కర్లేదు" అంది. పెద్దకోడలు అప్పటికప్పుడు లెక్కంతా ఓ కాగితం మీద రాసింది.

ఆఫీసుకి వెళ్లగానే చిన్నదాని బల్ల మీద ఆ కాగితం పడేసింది.

"ఇరవై మూడు కావాలి. అత్తయ్య నడవడం ఎప్పుడైనా చూశావా నువ్వు?"

"అయ్యో అక్కా! అంతసేపు ఒప్పుకోరేమో..."

"అయితే వీధినే సన్నం చెయ్యి. దాటే దూరం తగ్గుతుంది, బళ్లూ నెమ్మదిస్తాయి. నేను గీస్తాలే."

గీసిచ్చింది. మీటింగులో చిన్నది లేచి, "తప్పు నాది సార్, దిద్దింది అక్క" అంది.

"ఎంత మంచి మనసమ్మా నీది!" అని పెద్దసారు చిన్నదాన్నే మెచ్చుకున్నాడు.

వీధి సన్నబడింది. అత్తగారు తీరిగ్గా దాటుతోంది. ఆఫీసులో అందరూ దాన్ని చిన్నకోడలి వీధి అంటారు. పెద్దకోడలు మాత్రం రెండు సందులు చుట్టు తిరిగైనా వేరే దారినే ఆఫీసుకి వెళ్తుంది.