మా మేనత్త స్టీరింగు పంపు మార్చిన ఆదివారం

నా చిన్నప్పుడు మా మేనత్త నడిపే వ్యానుకు స్టీరింగు ఎడమ వైపు ఉండేది. కుడి వైపు ముందు సీటులో నేను కూర్చునేదాన్ని. తార్నాక చౌరస్తాలో నిలబడ్డ వాళ్ళు అలవాటు కొద్దీ కుడి వైపే చూసి, రెండు జడల పిల్ల అంత పెద్ద బండి నడుపుతోందనుకుని బిత్తరపోయేవాళ్ళు. ఆ తరువాత ఎడమ వైపు, కొంగు నడుముకు బిగించి కూర్చున్న మా అత్త కనబడేసరికి ఇంకా ఎక్కువ బిత్తరపోయేవాళ్ళు. ఆ రోజుల్లో ఆడమనిషి వ్యాను నడపడం కంటే బండి దానంతటదే నడవడమే నమ్మదగ్గ సంగతిలా ఉండేది.

అది అమెరికా బండి. యూనివర్సిటీలో చదువు చెప్పడానికి వచ్చిన ఒక విదేశీ కుటుంబం దాన్ని ఓడలో తెచ్చుకుని, తిరిగి వెళ్తూ క్యాంపస్ అంచున ఉన్న మా చిన్న బడికి ఇచ్చేసింది. అప్పటికే అది ముసలిది. నీలం రంగు వెలిసి బూడిద రంగులోకి దిగింది. ఎడమ చేతి స్టీరింగంటే డ్రైవర్లు జంకారు. మా అత్త జంకలేదు. ఆమె మా నాన్నకు చెల్లెలు. భువనగిరి అవతల ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తూ, ఊళ్ళు తిరిగే జీపు నడపడం అక్కడే నేర్చుకుంది. పెళ్ళి చేసుకోనని ఇంటిల్లిపాదితో తగువు పెట్టుకుని ఒక ట్రంకు పెట్టెతో మా ఇంటికి వచ్చేసింది. బడిలో పిల్లలకు దెబ్బలు తగిలితే కట్టు కట్టడం, పొద్దునా సాయంత్రం వ్యాను నడపడం ఆమె ఉద్యోగం.

మేము లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న వర్క్‌షాపులో పనిచేసేవాడు. మా వాడకట్టులో ఆడపిల్లలను అంత దూరం బడికి పంపడానికి ఒప్పుకున్నారంటే దానికి కారణం చదువు మీద ప్రేమ కాదు, ఆ వ్యానే. గుమ్మం ముందు ఎక్కించుకుని గుమ్మం ముందు దించుతుంది, నడిపేది ఆడమనిషి, అదీ మనింటి మనిషి. మా అమ్మ కూడా ఆ ధైర్యంతోనే నన్ను పంపింది. బండి లేని రోజున నేను ఇంట్లోనే ఉండిపోయేదాన్ని.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు బండి మూలగడం మొదలుపెట్టింది. మలుపు తిప్పిన ప్రతిసారీ ముందు భాగంలోంచి కుక్కపిల్ల ఏడ్చినట్టు చప్పుడు వచ్చేది. బండి నిలిపిన చోట నేల మీద నూనె మరక పడేది. ఒక పొద్దున తార్నాక మలుపులో ఆ ఏడుపు ఆగిపోయింది. దానితో పాటే స్టీరింగు బిగుసుకుపోయింది. అత్త సీటులోంచి సగం లేచి, ఒంటి బరువంతా వేసి స్టీరింగు చక్రం తిప్పింది. ఆమె మెడ నరాలు ఉబ్బడం నాకింకా గుర్తుంది.  ఎలాగో బడి గేటులోకి తీసుకువచ్చి నిలిపి, పిల్లలను ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దించింది.

సంగతి ఏమిటో ఆమె ఆ మధ్యాహ్నమే కనుక్కుంది. అంత బరువైన బండిని మనిషి చేతులు తేలికగా తిప్పడానికి లోపల ఒక పంపు ఉందట. ఇంజను తిరుగుతుంటే బెల్టు ఆ పంపును తిప్పుతుంది, పంపు నూనెను తోస్తుంది, ఆ నూనె స్టీరింగుకు సాయం పడుతుంది. ఆ పంపు చచ్చిపోయింది. మన ఊరి బండ్లకు అలాంటి ఏర్పాటే లేదు కనుక చుట్టుపక్కల మెకానిక్కులు ఒక్కరూ దాని ముఖం చూసి ఎరగరు. అయినా అత్త వ్యాను ఆపలేదు. అలాగే నడిపింది. సాయంత్రం ఇంటికి వచ్చాక గ్లాసును కూడా రెండు చేతులతో పట్టుకునేది. అమ్మ చూసి, చేతులకు కాపడం పెట్టుకోవడానికి నీళ్ళు కాచి ఇచ్చేది.

ఒక రోజు గేటు దగ్గర వెనక చక్రం రాతి స్తంభాన్ని రాసుకుంది. పెద్ద నష్టమేమీ లేదు. కానీ బడి సెక్రటరీ గారు అప్పుడే వరండాలో ఉన్నారు. ఆయన అందరితో మెత్తగా మాట్లాడే మనిషి. ఆ మెత్తదనంతోనే అత్తను పిలిచి తాళం చేయి అడిగి తీసుకున్నారు.

"నర్సమ్మా, నీ కష్టం నాకు తెలియనిది కాదు. కానీ ఇది మగవాళ్ళ బండి. నీ చేతుల్లో అంత బలం ఎక్కడిది? కాచిగూడ లాడ్జీ ఆయన ఒకరు అడుగుతున్నారు, శనివారం వచ్చి చూసుకుంటారు. ఇచ్చేద్దాం" అన్నారు.

ఆ రాత్రి మా ఇంట్లో అన్నాల దగ్గర అమ్మ నా వైపు చూడకుండా, "బండి లేకుంటే ఎట్లా పంపుత? ఐదు చదివింది చాలు, ఇంట్ల పని నేర్చుకుంటది" అంది.  నేను కంచంలోకి వంగి ఏడ్చాను. అత్త నన్ను ఓదార్చలేదు. "ఏడ్చుడెందుకే పోరీ? ఇంకా బండి అమ్ముడు పోలే కదా" అని తన పాటికి తాను తింటూ ఉంది.

శనివారం లాడ్జీ ఆయన తన డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు. డ్రైవరు కండలు తిరిగిన మనిషి. బండి బాగానే ఉందనీ, నడిపే ఆవిడకే చేతకాక వదిలించుకుంటున్నామనీ సెక్రటరీ గారు చెప్పారు. అది అత్త వినేలాగే చెప్పారు. ఆ రోజు అత్త వెంట నడిచి వచ్చిన మేము పిల్లలం వరండా మెట్ల మీద నిలబడి వింటున్నాం. అత్త వచ్చి బండి తలుపు తీసి పట్టుకుంది.

"నా చేతకానితనమే సార్. ఈ అన్నను ఒక్కపారి తిప్పి చూపియ్యమనుండ్రి, నేర్చుకుంట" అంది.

డ్రైవరు నవ్వుతూ ఎక్కాడు. ఇంజను నడుస్తోంది, బండి నిలబడే ఉంది. చక్రం పట్టి లాగాడు. కదలలేదు. పాదం డాష్‌బోర్డుకు తన్ని లాగాడు. కొంచెం కదిలి, మళ్ళీ మొరాయించింది. అతని చొక్కా తడిసిపోయింది. సెక్రటరీ గారు ఓపిక పట్టలేక, కోటు విప్పి తానే ఎక్కారు. ఆయన ముఖం ఎర్రగా కందిపోయింది కానీ చక్రం చలించలేదు. మెట్ల మీద ఎవరో పిల్ల ఫక్కున నవ్వింది. లాడ్జీ ఆయన తనకు ఇలాంటి ఏనుగు వద్దని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పుడు అత్త అంది, "పోయింది పంపు సార్. నా చేతులు పోలే. రేపు ఆదివారం. ఒక్క రోజు నాకియ్యుండ్రి, మంచిగ చేసి చూపిస్త."

"ఎవరు చేస్తారు? అమెరికా నుంచి మెకానిక్కు వస్తాడా?"

"నేనే చేస్త."

"నీకు వచ్చా ఆ పని?"

"రాదు. నేర్చుకుంట" అంది అత్త. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళు దించలేదు. సెక్రటరీ గారే చూపు తిప్పుకుని తాళం చేయి బల్ల మీద పడేశారు.

ఆయన లోపలికి వెళ్ళాక అత్త నా చెవిలో ఒక రహస్యం చెప్పింది. "బండి నడుస్తుంటే చక్రం జెర తిరుగుతది బిడ్డా. నిలబడ్డప్పుడే మొండికేస్తది. గా ముచ్చట వాళ్ళు అడగలే, నేను చెప్పలే."

ఆ మధ్యాహ్నమే ఆమె బండి ముందు భాగం తెరిచి, నాన్న పనిముట్ల పెట్టెలోంచి తెచ్చిన పానాలతో పాత పంపు విప్పింది. ముందు బెల్టు వదులు చేసి తీసింది. రెండు గొట్టాలు ఊడదీస్తే మోచేతుల దాకా నల్లటి నూనె కారింది. ఏ బోల్టు ఎక్కడిదో మరిచిపోకుండా ఆసుపత్రిలో మందులు సర్దినట్టు గుడ్డ మీద వరసగా పెట్టింది. ఊడిన పంపును పాత చీర ముక్కలో చుట్టి నా ఒళ్ళో పెట్టుకోమంది. ఇద్దరం బస్సెక్కి కాచిగూడ స్టేషను దగ్గరి పాత ఇనుము దుకాణాలకు వెళ్ళాం. నేను పట్టుకున్న తీరు చూసి బస్సులో ఒకామె పసిబిడ్డ అనుకుని సీటు ఇచ్చింది.

ఆ దుకాణాల్లో నవాబుల దేవిడీలలో ఒకప్పుడు తిరిగిన విదేశీ కార్లు ముక్కలై పడి ఉండేవి. ఒక ముసలి సాయిబు మా మూట విప్పి చూసి, తల గోక్కుని, వెనక కొట్టులోంచి అచ్చం అలాంటి పంపే పట్టుకొచ్చాడు. బోల్టు కన్నాలు సరిపోయాయి. బెల్టు తిరిగే పుల్లీ మాత్రం వేరు. ఎవరు బిగిస్తారని అడిగాడు. నేనే అంది అత్త. ఆయన ఒక్క క్షణం ఆమెను ఎగాదిగా చూశాడు. ఇక నవ్వుతాడనుకుని నేను బిగుసుకుపోయాను.

"అచ్ఛా. అయితే జెర దగ్గరికి రాండ్రి బేటీ, పుల్లీ ఎట్ల గుంజాల్నో చూపిస్త" అన్నాడు. చూపించి, పాత పుల్లీని కొత్త పంపుకు అత్త చేతనే ఎక్కించి, పోసుకోవడానికి ఒక డబ్బాడు నూనె కూడా ఇచ్చాడు.

ఆదివారం పొద్దున సెక్రటరీ గారు వరండాలో కుర్చీ వేయించుకుని పేపరు చదువుతూ కూర్చున్నారు. క్వార్టర్ల నుంచి పిల్లలందరూ నడిచే వచ్చేశారు. అత్త చీర మీద నాన్న పాత ఖాకీ చొక్కా తొడుక్కుని పనిలో దిగింది. పంపు బిగించింది, గొట్టాలు తగిలించింది, బెల్టు ఎక్కించి బొటనవేలితో నొక్కి బిగువు చూసింది, నూనె పోసింది. ఇంజను తిప్పింది.

బండి అరిచిన అరుపుకు కాకులు లేచిపోయాయి. పంపు మూతలోంచి తెల్లటి నురగ పొంగి అత్త చొక్కా మీద, ముఖం మీద చిందింది. ఆమె ఇంజను ఆపేసింది. సెక్రటరీ గారు పేపరు మడిచారు. "ఇక చాలమ్మా. నువ్వు ప్రయత్నం చేశావు, అందరం చూశాం" అన్నారు. ఆ జాలి వింటుంటే నాకు ఒళ్ళు మండింది.

అత్త నేల మీద కూర్చుని వేలితో ఆ నురగను తీసి చాలాసేపు చూసింది. ఉన్నట్టుండి, "గాలి!" అంది. "ఇంజక్షన్ ఇచ్చే ముందర సూదిల గాలి తీస్తం చూడు, గట్లనే. నూనెల గాలి ఇరికింది. అది పోందే పంపు ఊపిరి తీసుకోదు."

జాకీ పెట్టి ముందు చక్రాలు నేల నుంచి లేపి కింద రాళ్ళు పేర్చింది. ఇంజను ఆపి ఉంచే, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పమంది. నేను తిప్పాను. చేతులు నొప్పి పుడితే ఇంకో పిల్ల ఎక్కింది, ఆ తరువాత మరొకతె. మేము తిప్పిన కొద్దీ నూనెలో బుడగలు పైకి వచ్చి పగిలేవి. నూనె మట్టం దిగేది. అత్త మళ్ళీ పోసేది. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అమ్మ అన్నం గిన్నె పట్టుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి నడిచి వచ్చి గేటు దగ్గర నిలబడింది. బుడగలు ఆగిపోయాయి.

ఈసారి ఇంజను తిరిగితే అరుపు లేదు. రాళ్ళు తీసి బండిని నేల మీదికి దించి, నిలబడ్డ బండిలోనే అత్త స్టీరింగును ఒక్క చేత్తో ఇటు నుంచి అటు తిప్పింది. చక్రాలు మట్టిలో గుండ్రంగా గీత గీశాయి. మేము అరిచిన అరుపులకు హద్దు లేదు.

సెక్రటరీ గారు మెట్లు దిగి వచ్చారు. ఆయన నవ్వుతున్నారు కూడా. "శభాష్ నర్సమ్మా. బండి బాగైంది. ఇక రేపటి నుంచి నడపడానికి ఒక డ్రైవరును మాట్లాడతాను. నువ్వు కట్లు కట్టుకుంటూ హాయిగా ఉండు" అన్నారు.

అరుపులు ఆగిపోయాయి. అత్త నూనె కారుతున్న చేతులతో అలాగే నిలబడింది.  అప్పుడు మా అమ్మ ముందుకు వచ్చింది. పరాయి మగవాళ్ళ ముందు తల మీది కొంగు తీయని మనిషి, కూరల వాడితో కూడా నాన్న చేత బేరం ఆడించే మనిషి.

"ఆమె నడిపితేనే మా పిల్లలొస్తరు సార్. లేకుంటే లాలాగూడ నుంచి ఒక్కతి రాదు."

"అమ్మా, ఇవి బడి వ్యవహారాలు. మీకు తెలియవు."

"తెల్వదు. బండ్ల ఎక్కేది మా పిల్లలే అని మాత్రం తెల్సు" అంది అమ్మ. ఆమె వెనక్కి పోలేదు. వెంట వచ్చిన ఆడవాళ్ళు ఆమె పక్కకు చేరారు. అంతమంది పిల్లలు పోతే బడికి మిగిలేదేమిటో సెక్రటరీ గారికి తెలుసు. ఆయన మా అందరినీ ఒకసారి చూసి, వరండా మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయారు. సరేనని ఆయన ఆ రోజూ అనలేదు, తరువాతా అనలేదు. డ్రైవరు మాత్రం రాలేదు.

అమ్మ ఆ రోజే మొదటిసారి వ్యానెక్కింది. క్యాంపస్ చెట్ల కింది నుంచి, తార్నాక మీదుగా అత్త మమ్మల్ని ఇంటికి తీసుకువెళ్ళింది. అన్నం గిన్నె మూత తీయకుండానే ఇల్లు చేరింది.

నేను బడి పూర్తి చేసే దాకా అత్తే ఆ బండి నడిపింది. తరువాత నేను అదే యూనివర్సిటీలో చదివి, హబ్సిగూడలో ఒక ప్రయోగశాలలో రిటైరయ్యే దాకా పనిచేశాను. అక్కడ యంత్రం చెడిపోయినప్పుడు మగవాళ్ళు నన్ను పక్కకు జరగమన్నారు, మీటింగులో మాట్లాడబోతే మీకు తెలియదన్నారు. తెలియనివి నాకు బోలెడు ఉండేవి. తెలియదనే చెప్పాను, కూర్చున్న చోటు నుంచి మాత్రం లేవలేదు. తెలియకపోవడం సిగ్గుపడి తప్పుకోవలసిన నేరం కాదని నాకు రెండు రోజుల్లో ఇద్దరు ఆడవాళ్ళు చూపించారు. ఈ వయసులో కూడా ఎవరైనా నన్ను పక్కకు జరగమంటే, ముందు నేను కాళ్ళు నేలకు గట్టిగా ఆనించుకుంటాను.