బట్టలుతికే ఆమెకు మాటలు లేవు

న్యూజిలాండ్‌లో మేముండే హామిల్టన్‌లోనే ఇల్లు మారి రోటోటూనా పేటకు వచ్చిన రెండో ఏడాది. మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు. ఒక సాయంత్రం బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలోని ఒక నది ఒడ్డు నగరం గురించి ఆ టర్ములో వాళ్ల క్లాసు చదువుతోంది. వాళ్ల టీచరు ఎప్పుడో సెలవులకు అక్కడికి వెళ్లి పాత ఆవిరి పడవ ఎక్కి వచ్చిందట. ఆ నగరంలో ఒక రోజు ఎలా గడిచేదో టర్ము చివర పిల్లలు వేషాలు వేసి తల్లిదండ్రులకు చూపించాలి. ఎవరికి ఏ వేషమో ఆ కాగితంలో ఉంది.

మా అమ్మాయి పేరుకు ఎదురుగా బట్టలుతికే ఆమె అని రాశారు. మాటలు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

మొదట నాకేమీ అనిపించలేదు. పొయ్యి మీద పప్పు పొంగుతుంటే కాగితం పక్కన పెట్టేశాను. అన్నాలు తినేటప్పుడు మళ్లీ తీసి మిగతా పేర్లు చదివాను. పడవ కెప్టెన్, అతని భార్య, పత్రిక నడిపే పెద్దమనిషి, డాక్టరు, హోటలు యజమానురాలు. ఆ పిల్లలందరినీ బడి గేటు దగ్గర రోజూ చూసేదాన్నే, అందరూ తెల్లవాళ్లు. రేవులో మూటలు మోసేది ఈ దేశపు మూలవాసులైన మావోరీల అమ్మాయిలు ఇద్దరు, సమోవా దీవుల నుంచి వచ్చినవాళ్ల అమ్మాయి ఒకతె. క్లాసు మొత్తంలో మాటలు లేనిది ఆ ముగ్గురికీ మా పిల్లకే.

"ఈ వేషం నువ్వే అడిగినవా?" అన్నాను.

"నో, మిస్ ఇచ్చింది. నేను రైట్‌గా కనిపిస్తా అన్నది."

మా ఆయన కంచంలోంచి తలెత్తలేదు. "చిన్నపిల్లల డ్రామా. దానికెందుకు లొల్లి?" అన్నాడు.

"రైట్‌గా అంటే ఎట్ల? ఏం చూసి అన్నదామె?"

ఆయన ఇంకాస్త పప్పు వడ్డించుకున్నాడు. మా అమ్మాయే అంది: "మమ్మీ, నువ్వు కూడా లాండ్రీలోనే కదా. సో వాట్స్ రాంగ్?"

నిజమే. వరంగల్‌లో కెమిస్ట్రీ పాఠాలు చెప్పినదాన్ని అప్పుడు ఒక రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్ల దుప్పట్లు ఉతుకుతున్నాను. తప్పు పనిలో లేదు, ముఖం చూసి పని పంచడంలో ఉంది. కానీ ఆ మాట పిల్లకు చెప్పలేకపోయాను. ఆ పని చేస్తున్నానన్న సిగ్గూ, అలా పంచినందుకు కోపమూ నాలో అప్పటికే కలిసిపోయి ఉన్నాయి.

మర్నాడు ఒక పూట సెలవు పెట్టి టీచరును కలిశాను. మర్యాదగా కూర్చోబెట్టింది.

"చరిత్ర అలాగే ఉండేది. వీలైనంత నిజంగా చూపించాలనుకున్నాం," అంది.

"మరి కెప్టెన్ వేసే అబ్బాయి వాళ్ల తాత పడవ నడిపాడా?"

ఆమె నవ్వింది. "లేదు, వాళ్లది పాల ఫారం."

"అంటే అతను కెప్టెన్‌లా నటిస్తాడు. మా అమ్మాయికి మాత్రం నటించే పని లేదు, నిలబడితే చాలు. అంతేనా?"

నవ్వు పోయింది. మా అమ్మాయి చాలా నెమ్మదస్తురాలని, ఎప్పుడూ ఇబ్బంది పెట్టదని చెప్పింది. కావాలంటే హోటల్లో దిగిన అతిథిగా మారుస్తానంది.

"మిగతా ముగ్గురి సంగతి?"

"వాళ్ల తల్లిదండ్రులు ఏమీ అనలేదే," అంది.

ఇంకేమన్నా అంటే గొంతు పెరుగుతుందని లేచి వచ్చేశాను.

అతిథి వేషం మా అమ్మాయికి నచ్చలేదు. "గెస్టులు ఊకె కూర్చుంటరు. నాకు మాటలు కావాలె," అంది. ఆ బట్టలుతికే ఆమెకే మాటలు వెతుకుదామని శనివారం ఇద్దరం లైబ్రరీకి వెళ్లాం. బురదగా ఉండే నది నీళ్లు పీపాల్లో పోసి, మన్ను అడుక్కి దిగేదాకా ఆగేవారట. కొవ్వు, బూడిద నీళ్లు కాచి సబ్బు చేసేవారు. నీలిమందు, గంజి, పొయ్యి మీద కాల్చిన ఇస్త్రీ పెట్టె. ఉతికిన ఆడవాళ్లలో చాలామంది నల్లవాళ్లు. వాళ్లలో కొందరు బానిసలు, కొందరు విడుదలైనవాళ్లు. విడుదలయ్యాక ఒక ఊళ్లో అందరూ కలిసి తమ పనికి ధర తామే నిర్ణయించి ప్రకటించారని చదివి మా అమ్మాయి ఆ పేజీ నాకు రెండుసార్లు వినిపించింది.

అన్నీ కలిపి నాలుగు వాక్యాలు తనే రాసుకుంది. టీచరు మూడింటికి ఒప్పుకుని ధర సంగతి కొట్టేసింది. ప్రదర్శన సరదాగా ఉండాలట.

ప్రదర్శన రోజు హాలులో మా పిల్ల తొట్టి ముందు నిలబడి నాలుగూ చెప్పింది. గొంతు వణికింది గానీ ఆగలేదు. టీచరు పక్క నుంచి చెయ్యి ఊపింది. అది చూడనట్టే పూర్తి చేసింది.

నా పక్క కుర్చీలో సమోవా అమ్మాయి తల్లి కూర్చుని ఉంది. ఆమె కూతురు అరగంట నుంచి దూది మూట మోస్తూ అటూ ఇటూ తిరుగుతోంది.

"మీ అమ్మాయికి మాటలు ఎలా ఇచ్చారు?" అని మెల్లగా అడిగింది.

"నేను వెళ్లి అడిగాను."

"అడగొచ్చని మాకు తెలియదు," అంది.

అప్పటిదాకా టీచరు మీదున్న కోపం ఒక్కసారి నా మీదికి తిరిగింది. మిగతా ముగ్గురి సంగతేమిటని గట్టిగా అడిగి వచ్చినదాన్ని, తర్వాత నా పిల్లను ఒక్కదాన్నే లైబ్రరీకి తీసుకెళ్లాను. ఆ ముగ్గురి తల్లులకు ఒక్క ఫోన్ చేయలేదు. గేటు దగ్గర రోజూ చూస్తూనే ఉన్నాను.

జరిగినదంతా ఆమెకు చెప్పాను. మరుసటి వారం ఆమె వంటింట్లో కూర్చుని ప్రిన్సిపల్‌కు ఉత్తరం రాశాం. మావోరీ పిల్లల తల్లులు కూడా వచ్చి సంతకం చేశారు. వాళ్లలో ఒకామె నేను మెత్తగా రాసిన చోటల్లా కొట్టేసి తన మాట పెట్టింది. నది ఒడ్డు నగరమే కావాలంటే మన హామిల్టన్ మధ్య నుంచే నది పారుతుండగా అమెరికా దాకా ఎందుకు వెళ్లారని కూడా ఆమే రాసింది.

జవాబు నాలుగు వరుసలు వచ్చింది. అందులో 'అపార్థం' అనే మాట రెండుసార్లు ఉంది. ఎవరు ఎవరిని అపార్థం చేసుకున్నారో లేదు. మరుసటి ఏడాది వేషాలు చీటీలు తీసి పంచారని వేరే పిల్లల ద్వారా విన్నాం. ఉత్తరం రాసిన మాకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.